ఉండిపోయినవాళ్ళు

దామెర్ల రామారావు కుంచె పట్టింది మహా అయితే పదేళ్ళు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయేనాటికి ఆయనకి 28 నిండడానికి ఇంకో నెల ఉంది. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం 1963 దాకా ఉన్నాడు. రెండు చావులకీ నడుమ 38 ఏళ్ళు. రాజమండ్రి వెళ్ళి మనం కళ్ళారా చూసి వచ్చే బొమ్మలు ముఖ్యంగా మొదటాయనవి. అవి చూడ్డానికంటూ మిగలడం చాలావరకు రెండో ఆయన చలవ. ఇద్దరిలో ఎవరి బతుకు గొప్పదంటే లోకం తడుముకోకుండా మొదటాయన పేరే చెబుతుంది. నాకు మాత్రం వయసు మళ్ళేకొద్దీ రెండో ఆయన మీదకే ధ్యాస పోతోంది.

మాది రామచంద్రపురం. కోట ఉంది, కాలవలున్నాయి, నాలుగైదు కిలోమీటర్లు వెళితే ద్రాక్షారామంలో భీమేశ్వరుడున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీక్కుపోతే ఆగిపోయిన కోటిపల్లి రైలు, 2004లో మళ్ళీ కూత పెట్టింది. చిత్రశాల అనేది మాత్రం మేం ఎరగం. చిత్రకళ అంటే మాకు డ్రాయింగు మాస్టారు, ఆయన ఇంటి వీధరుగు. వేసవి సెలవులొస్తే ఆ అరుగు మీద పిల్లలు బారులు తీరేవారు. ఒళ్ళో అట్ట, అట్టకో క్లిప్పు, చెవి మీద పెన్సిలు. డ్రాయింగు లోయరుకి కట్టినవాళ్ళు ఒక వరస, హయ్యరుకి కట్టినవాళ్ళు ఇంకో వరస. ఈ రెండూ పాసై, ఆ పైన వేసవిలో 42 రోజుల టీటీసీ ట్రైనింగు ముగిస్తే హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు ఉద్యోగానికి అర్హత వస్తుంది. అంచేత ఆ అరుగెక్కినవాళ్ళలో బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళకంటే, టైపు లోయరుతో పాటు ఇదీ ఒకటి చేతిలో ఉంటే మంచిదని ఇంట్లోవాళ్ళు తోలినవాళ్ళే ఎక్కువ.

మాస్టారు మొదటి నెలంతా గీతలే గీయించేవారు. ఆ తరవాత ఇత్తడి చెంబు. చెంబు తెచ్చి స్టూలు మీద పెట్టి, గియ్యండర్రా అని లోపలికెళ్ళి కాఫీ తాగి వచ్చేవారు. వచ్చేసరికి అందరి చెంబులకీ మూతి గుండ్రంగా, పైనుంచి చూసినట్టు ఉండేది. అడుగు మాత్రం బల్లపరుపుగా, ఎదర నుంచి చూసినట్టు ఉండేది. "ఒరే, మూతి గుండ్రవని నీకు తెలుసు. కానీ నువ్వు కూచున్న చోటి నుంచి నీకు కనపడేది గుండ్రవా? తెలిసింది గియ్యకు, కనపడింది గియ్యి" అనేవారు. అప్పుడు ఒక కన్ను మూసి, చెయ్యి చాపి, పెన్సిలు నిలువుగా పట్టుకుని కొలత తియ్యడం మొదలయ్యేది. కొన్నాళ్ళకి వీధిలో పోయే ఎడ్లబండిని కూడా పిల్లలు ఒక కన్ను మూసి చూసేవారు. పెద్దవాళ్ళు విసుక్కునేవారు కూడాను.

ఆయనకి బడిలో జీతం నెలకోసారి. ఊళ్ళో పని మాత్రం ఏడాది పొడుగునా. శివరాత్రి నాటకాలకి తెరలు, వినాయకచవితికి విగ్రహాల కళ్ళు, పెళ్ళిళ్ళకి ద్వారం మీద అక్షరాలు, బడిలో సైన్సు మేష్టారి గుండెకాయ చార్టు, సోషలు మేష్టారి భారతదేశ పటం. ఎన్నికలొస్తే గోడలు. చెయ్యి గుర్తుకి ఐదు వేళ్ళూ, సైకిలుకి రెండు చక్రాలూ ఒకే శ్రద్ధతో వేసేవారు. ఏ పార్టీవాళ్ళూ ఆయన్ని మీదెటని అడగలేదు. గుర్తు పోలిక తప్పకుండా పడితే చాలు వాళ్ళకి. సొంతానికి వేసుకున్న బొమ్మలు ఆ ఇంట్లో రెండో మూడో ఉండేవి. అందులో ఒకటి కోటిపల్లి రేవు. నీళ్ళు బూడిదరంగులో, పడవ తెరచాప మాసిన పసుపులో. ఆ రెండు రంగులే. అంత తక్కువతో అంత నీరు చూపించినవాణ్ణి నేను తరవాత పెద్ద పెద్ద చోట్ల కూడా ఎక్కువమందిని చూడలేదు. ఇంకా ఎందుకు వెయ్యలేదంటే జవాబు పైన చెప్పిన పనుల జాబితాలోనే ఉంది.

ఈ అరుగు బడికి మూలం ఎక్కడా అని వెతుక్కుంటూ పోతే, గోదావరి జిల్లాల మట్టుకు, దారి రాజమండ్రి ప్రభుత్వ కళాశాల గుమ్మంలోకి తీసుకెళుతుంది. 1909 నుంచి 1919 దాకా అక్కడ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లీషు దొర, కవి, నీటిరంగుల్లో మంచి చెయ్యి ఉన్నవాడు. కాలేజీకి చిత్రకళతో ఏ సంబంధమూ లేదు. ఉద్యోగం ఇంగ్లీషు పాఠం చెప్పడం, పరిపాలన చూడడం. ఆయన మాత్రం బొమ్మలు వేసే కుర్రాళ్ళని వెతికి పట్టుకుని, వెంటేసుకుని గోదావరి ఒడ్డునా ఊళ్ళలోనూ తిరిగేవాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, అందరూ ఆ నీడన పెరిగినవాళ్ళే. 1916లో రామారావుని బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి తీసుకువెళ్ళిందీ ఆయనే. కుర్రవాడి బొమ్మలు చూసి అక్కడి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ నేరుగా పై తరగతిలో చేర్చుకున్నాడు.

దొరల చదువు మనవాళ్ళకి మన కళని దూరం చేసిందని ఒక మాట తరచూ వింటాం. అది మొత్తం మీద నిజమే. కానీ రాజమండ్రిలో కథ కొంచెం అడ్డంగా నడిచింది. మీ చుట్టూ ఉన్నది చూడండి, మీ రేవులూ మీ ఆడవాళ్ళూ మీ పండగలూ వెయ్యండి అని ఆ పిల్లలకి నూరిపోసినవాడు ఒక దొరే. ఆయన ఉద్యోగం విరమించి ఇంగ్లండు వెళ్ళిపోయి, 1924లో తన దక్షిణభారత జ్ఞాపకాల పుస్తకం అచ్చువేసుకున్నాడు. అప్పటికి ఆయన చేతిలో పెరిగిన పిల్లవాడి పేరు కలకత్తా దాకా పాకింది.

రామారావు 1920లో బొంబాయి చదువు ముగించాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన 'ఋష్యశృంగ బంధనం' బహుమతి తెచ్చుకుంది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకీ ఆయన బొమ్మలు వెళ్ళాయి. అప్పట్లో దేశమంతా బెంగాలు గాలి వీస్తోంది. అవనీంద్రనాథ ఠాకూర్ శిష్యులు కాగితాన్ని మళ్ళీ మళ్ళీ తడిపి, రంగుని మంచుతెరలా పరిచేవారు. ఆ పద్ధతి బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకి ప్రమోద్ కుమార్ చటర్జీతో పాటు వచ్చింది. బాపిరాజు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. రామారావు ఆ మంచులోకి వెళ్ళలేదు. ఆయన గీత తెగువగా ఉంటుంది, రంగులు ఎండలో నిలబడ్డట్టుంటాయి. 'పుష్పాలంకారం'లో ఆడవాళ్ళ మెడవంపులు, చేతుల మడతలు చూడండి. ఒక వంపు ఇంకో వంపుని పలకరిస్తూ పోతుంది. అజంతా గోడలనీ బొంబాయి బడిలో నేర్పిన శరీర నిర్మాణాన్నీ కలిపి, మన రేవులో నీళ్ళకి వచ్చిన ఆడపడుచు మీదకి తేవడం ఆయన పని. ఆ పని సగంలో ఉండగానే పోయాడు.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. పాతికేళ్ళు దాటీదాటని వయసు, కలకత్తాలో మెప్పు, బొంబాయిలో పరిచయాలు. ఇన్ని ఉన్నవాడు రాజమండ్రికి తిరిగి వచ్చి ఒక బడి పెట్టాడు. చిత్రకళాశాల. చుట్టూ స్నేహితుల్ని చేర్చి ఒక సంఘం కట్టాడు. భార్య సత్యవాణికీ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మకీ కుంచె పట్టడం నేర్పాడు. ఇద్దరూ చిత్రకారిణులయ్యారు. వంద ఏళ్ళ కిందట, ఆడపిల్లకి కాస్త ముగ్గు వస్తే చాలనుకునే ఇళ్ళ మధ్య, ఒక ఇంట్లో ముగ్గురు చిత్రకారులుండడం ఎలాంటి సంగతో ఊహించుకోవలసిందే. బొమ్మలు వేసుకోవడానికే పదేళ్ళు చాలని మనిషి, అందులోంచి రెండు మూడేళ్ళు తీసి పాఠం చెప్పడానికి ఖర్చుపెట్టాడు. పోతానని తెలియదు గనక చేశాడని అనొచ్చు. తెలిసుంటే ఇంకాస్త తొందరగా పెట్టేవాడేమోనని నాకనిపిస్తుంది.

ఎందుకంటే ఆ బడే లేకపోతే ఆయన బొమ్మలేమయ్యేవో ఆలోచించండి. గోదావరి జిల్లాల్లో కాగితం బతకడం కష్టం. గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. వానాకాలం మూడు నెలలు గోడ చెమరుస్తుంది. కాగితం మీద ముందు గోధుమరంగు చుక్కలు పడతాయి, తరవాత బూజు. పోనీ వెలుగు తగిలే చోట పెడదామంటే నీటిరంగుల్లో కొన్ని ఎరుపులు ఎండకి ముందే వెలిసిపోతాయి. కేన్వాసు మీది తైలవర్ణం వేసవికి బిగిసి వానకి సాగి, ఏళ్ళు గడిచేసరికి పగుళ్ళిస్తుంది. చెదలు సంగతి చెప్పేదేముంది. 28 నిండకుండానే చనిపోయిన కుర్రవాడి బొమ్మలు ఏ అటకెక్కినా ఒక తరం తిరక్కుండానే అయిపోవలసినవి. తెలుగు దేశంలో అలా అటకల మీద అయిపోయినవాళ్ళెంతమందో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

వెంకటరత్నం ఆ బొమ్మల్ని అటకెక్కనివ్వలేదు. స్నేహితుడి పేరున చిత్రశాల, దాన్ని అంటిపెట్టుకుని బడి. ఈ రెండూ విడివిడిగా ఉండి ఉంటే నిలిచేవి కావు. బొమ్మలు ఒక్కటే ఉంటే గది తాళం వేసి ఉండేది. బడి ఒక్కటే ఉంటే పిల్లలకి చూపించడానికి ఏమీ ఉండేది కాదు. తెల్లారితే పిల్లలొస్తారు గనక తలుపు తీయాలి. తలుపు తీస్తే గాలి ఆడుతుంది, దుమ్ము దులుపుతారు, ఏ పటం వెనక తడి చేరిందో ఎవరో ఒకరు చూస్తారు. పాఠం చెబుతూ చెబుతూ మాస్టారు లేచి గోడ దగ్గరికెళ్ళి, ఇదిగో ఈ మడత ఎలా వేశాడో చూడు, అని వేలు పెట్టి చూపిస్తాడు. దాదాపు నలభై ఏళ్ళు ఇదే దినచర్య. ఆయన తరవాత ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. దామెర్ల రామారావు స్మారక చిత్రశాలగా, పాఠశాలగా అది ఇవాళ్టికీ గోదావరి గట్టుకి దగ్గర్లోనే ఉంది.

వెంకటరత్నం చిత్రకారుడు కూడా. ఆ మాట 'కూడా' అనే చెప్పుకోవలసి రావడమే ఆయన చెల్లించిన ధర. త్యాగం అని పెద్ద మాట వాడి దండ వేసెయ్యడం మనకి సులువు. పొద్దుటి నుంచి పది మంది పిల్లల గీతలు దిద్దిన చెయ్యి సాయంత్రం తన కాగితం ముందు కూచుంటే, మొదటి అరగంటా ఎదుట కనపడేవి వాళ్ళ తప్పులే. ఇది డ్రాయింగు మాస్టార్లందరూ ఒప్పుకునే సంగతి. తప్పులు వెతికే కన్ను రోజంతా తెరిచి ఉంచాక, తెగించి ఒక రంగు పొయ్యడం రాదు. నేర్పడం వల్ల కళ పెరుగుతుందని సన్మాన సభల్లో అంటారు గానీ, నేర్పేవాడి కళ చాలాసార్లు తరుగుతుంది. అది తెలిసి కూడా మర్నాడు తలుపు తీసినవాళ్ళని నేను లెక్కలోకి తీసుకోమంటున్నాను.

అందరికీ తరుగుతుందని కాదు. బాపిరాజు వకీలు, నవలాకారుడు, బందరులో ప్రిన్సిపాలు, హైదరాబాదులో 'మీజాన్' పత్రిక సంపాదకుడు. ఆయన పది చోట్ల ఉండి, పదింటా తన ముద్ర వేశాడు. బెంగాలు నుంచి మద్రాసు కళాశాలకి పెద్దగా వచ్చిన దేవీప్రసాద్ రాయ్‌చౌదురి పాఠం చెబుతూనే పెద్ద పెద్ద శిల్పాలు పోతపోశాడు. ఆయన శిష్యుడు అంట్యాకుల పైడిరాజు విజయనగరం వచ్చి బడి పెట్టాడు. ఇక వడ్డాది పాపయ్య. తండ్రి రామమూర్తి శ్రీకాకుళంలో డ్రాయింగు మాస్టారు. కొడుక్కి అక్షరాల కంటే ముందు రంగులబ్బింది ఆ ఇంట్లోనే. ఆ కొడుకూ కశింకోటలో డ్రాయింగు మాస్టారిగానే పనిచేశాడు. ఆయన బొమ్మలు 'చందమామ', 'యువ' అట్టల మీద తెలుగు ఇళ్ళన్నిటికీ చేరాయి. మా మాస్టారి అరుగు మీద పాత 'యువ' అట్టలు అట్టకి అంటించి ఉండేవి. వాటిని చూసి గియ్యనిచ్చేవారు కాదు. చూడండి, చాలు, అనేవారు. చూసి గీస్తే చెయ్యి వడ్డాది వారిదవుతుంది, కన్ను ఎవరిదీ కాకుండా పోతుందని ఆయన భయం.

ఇప్పుడు ఆ అరుగులు తగ్గాయి. గోడల మీద గుర్తులు ఫ్లెక్సీలయ్యాయి, తెరలు ఎల్ఈడీలయ్యాయి, కార్పొరేటు బడుల్లో డ్రాయింగు పీరియడు లెక్కల మేష్టారి ఖాతాలో జమవుతుంది. సర్కారు బడుల సంగతి చట్టంలోనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి జోడించిన షెడ్యూలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటే చిత్రలేఖనం లాంటి కళలకీ, వ్యాయామానికీ, పని నేర్పడానికీ బోధకులుండాలంటుంది. ఉండాలన్నందుకు సంతోషించేలోగా, ఆ బోధకులు పార్ట్‌టైమ్ అని అదే వాక్యం అంటుంది. వెంకటరత్నం 38 ఏళ్ళు చేసిన పనిని మన చట్టం సగం పూట పనిగా రాసుకుంది. ఆ సగం పూటకి గౌరవ వేతనం మీద వచ్చి, మిగతా సగం పూట ఇంకో బతుకు తెరువు చూసుకుంటున్న కుర్రాళ్ళని నేనెరుగుదును. వాళ్ళలో ఒకరిద్దరి గీత చూస్తే ఈర్ష్య పుడుతుంది. వాళ్ళు ఒకే ఊళ్ళో, ఒకే తలుపు దగ్గర ఏళ్ళ తరబడి నిలబడగలరని మాత్రం అనుకోను. అది వాళ్ళ చేతిలో లేదు.

నిలబడ్డవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఏమయ్యారని అడుగుతారు. మా మాస్టారి శిష్యుల్లో పేరున్న చిత్రకారుడొక్కడూ లేడు. ఒకడు మండపేటలో ఫ్లెక్సీ షాపు నడుపుతున్నాడు. అక్షరం పక్కన అక్షరానికి ఎంత జాగా వదలాలో ఆ రోడ్డు మొత్తం మీద అతనికే తెలుసు. ఒకడు హైదరాబాదులో యానిమేషన్ కంపెనీలో ఉన్నాడు. ఒకడు పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేస్తాడు, పంటికి రంగు కలపడంలో జిల్లాలో అతనిదే చెయ్యంటారు. ఒకామె బడిలో తెలుగు చెబుతూ, నల్లబల్ల మీద కాటుకపిట్ట బొమ్మ వేసి మరీ పద్యం మొదలెడుతుంది. నేను బొమ్మలు వేయను. కానీ ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా చెంబు మూతి ఏ వంపులో కనపడుతోందా అని చూస్తాను. ఇది లెక్కకి రాని ఫలితమని కొందరంటారు. రాజమండ్రి చిత్రశాల గోడల మీద లెక్కకి వచ్చేది ఉందిగా, వెళ్ళి చూడమంటాను. పుష్కర ఘాటుకి వచ్చి మునిగి, సామాన్లు కొనుక్కుని, ఆ వీధిలోకి తిరగకుండానే బస్సెక్కేవాళ్ళు నూటికి తొంభై మంది మరి.

మాస్టారు రిటైరై చాలా కాలమైంది. చెయ్యి కాస్త వణుకుతుంది, అరుగు మీద పాఠం మాత్రం మానలేదు. మొన్న వేసవిలో నేను అక్కడే కూచుని ఉండగా ఒకాయన కొడుకుని వెంటపెట్టుకుని వచ్చాడు. కుర్రాడికి పదేళ్ళుంటాయి. చెప్పులు విప్పుతూనే అరుగు చివర స్టూలు మీదున్న చెంబుని చూస్తున్నాడు.

"మావోడు ఎప్పుడూ గోడల మీద గీస్తానే ఉంటాడండి. మీరు నేర్పిస్తారని చెప్పేరు."

"నేర్పిద్దావండి."

"ఆయ్. మరి దీనికి టెన్తులో మార్కులేవన్నా కలుస్తాయాండి?"

"కలవవండి."

"ఎంసెట్లో?"

"అస్సలు కలవవు."

ఆయన కాసేపు కొడుకు వేపు చూశాడు, కాసేపు మాస్టారి వేపు చూశాడు. "మరి ఎన్నాళ్ళు పడుద్దండి?"

మాస్టారు కుర్రాడి చేతికి అట్టా పెన్సిలూ ఇచ్చి, చెంబుకి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా కూచోబెట్టారు. "ముందు కూచోనివ్వండి. పొద్దుటే ఆరింటికి పంపించండి, ఏడు దాటితే ఎండ నీడ మార్చేస్తది" అన్నారు.

"ఫీజెంతండి?"

"అది మీరు పైనెల్లో అడగండి. ఈ నెలంతా గీతలే."